మంచు దారి, తడి గడ్డి

ఆ మంగళవారం మెయిల్ చదువుతూ నాలుగు వాక్యాలు వదిలేశాను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా ఆ తేదీ కింద "వాన. రెండు కంటెయినర్లు. తలనొప్పి" అని మాత్రమే ఉంది. తలనొప్పి సంగతి అబద్ధం.

నేను తాండూరులో ఒక బండల పాలిషింగ్ ఫ్యాక్టరీలో ఆఫీసు పని చేస్తాను. ఆఫీసంటే రేకుల షెడ్డుకు ఆనుకుని ఒక గది, ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, షెడ్డులోకి తెరుచుకునే కిటికీ. కిటికీ మూసినా తెరిచినా టేబులు మీద రాతిపొడి పడుతూనే ఉంటుంది. మా సేట్ అరవై దాటిన మనిషి. ఉర్దూ చదువుతాడు, తెలుగు మాట్లాడతాడు, ఇంగ్లిష్ వస్తే నన్ను పిలుస్తాడు. విదేశం నుంచి మెయిల్ వచ్చినప్పుడు నేను దాన్ని ప్రింటు తీసి, ఆయన ఎదురుగా నిలబడి, ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాలి. కంప్యూటరులో కనిపించేది ఆయనకు లెక్కలోకి రాదు. కాగితం పట్టుకుని చదివితేనే వింటాడు. నలుగురిలో గొంతు పెగలని నాకు చదివి వినిపించే ఉద్యోగం దొరకడం చిత్రమే. నాన్న అక్కడే ప్యాకింగ్ మేస్త్రీ. ఆయన అడిగితే సేట్ కాదనలేదు.

నాన్న మేస్త్రీ అయి నాలుగేళ్లే. అంతకుముందు చాలా ఏళ్లు ఉలీ సుత్తీ పట్టుకుని బండల అంచులు కొట్టాడు. మిషను కోసిన అంచు సాఫుగా ఉంటుంది. విదేశం వాళ్లకు చేత్తో కొట్టిన గరుకు అంచే ఇష్టం. ఆ పనిలో నాన్న కుడి మణికట్టు చెడిపోయింది. పొద్దున లేచేసరికి ఉబ్బి ఉండేది, చాయ గ్లాసు ఎడమ చేత్తో పట్టుకునేవాడు. డాక్టరు ఉలి మానమన్నాడు. అప్పుడు సేట్ ఆయన్ను బండలు కట్టెపెట్టెల్లో సర్దించే పనికి పెద్దను చేశాడు. ఆ పని పోతే మళ్లీ ఉలే. మా ఇంట్లో ఆ మాట ఎవరూ పైకి అనరు, అందరికీ తెలుసు.

మేముండేది వికారాబాద్‌లో. నా డిగ్రీ కోసం అక్కడికి మారాం, తర్వాత అక్కడే ఉండిపోయాం. పొద్దున రైలుకు ఇద్దరం తాండూరు వెళ్తాం, సాయంత్రం రైలుకు ఇద్దరం తిరిగి వస్తాం. దారిలో నాన్న నిద్రపోతాడు. నేను పుస్తకం తీస్తాను. ఏం చదువుతున్నావని ఆయన ఎప్పుడూ అడగలేదు. పుస్తకం జారితే మాత్రం తీసి నా ఒళ్లో పెడతాడు.

మా బండలు ఎక్కువగా కొనేది యూరప్ పైభాగాన, సముద్రపు ఒడ్డున ఉన్న ఒక పాత రేవు పట్టణంలోని ముసలాయన. ఆయన తాత కాలం నుంచి అక్కడ రాళ్ల వ్యాపారమట. పొడుగు మెయిళ్లు రాస్తాడు. సరుకు సంగతి రెండు వాక్యాలైతే వాళ్ల ఊరి సంగతి పది వాక్యాలు. ఒకసారి ఫొటో పంపాడు. రేవు గట్టు మీద పరిచిన పసుపు బండలు, పక్కన నీలం బండలు, దూరంగా ఓడ. నాన్న ఫోనును కళ్ల దగ్గరికి తెచ్చుకుని ఓడ వైపు చూడనే లేదు. "గీ మూల అంచు నేను కొట్టిందే," అన్నాడు. ఎలా గుర్తుపట్టాడో నాకు తెలియదు. మేమిద్దరం సముద్రం చూడలేదు.

ఇక గడ్డి సంగతి. పెట్టెలో బండలను పడుకోబెట్టరు, నిలబెడతారు. బండకూ బండకూ మధ్య తెల్లటి ఫోం షీటు పెట్టాలి. మా వైపు పాతకాలం నుంచి వరిగడ్డే పెట్టేవారు, హైదరాబాద్‌కు పోయే లారీల్లో ఇప్పటికీ గడ్డే. కానీ వానాకాలం బండలు సరిగా ఆరవు, ఆ తడికి గడ్డి తడిస్తే చాయ డికాషన్ లాంటి రంగు దిగుతుంది. పసుపు బండ ఆ రంగును పీల్చుకుంటుంది, ఎంత కడిగినా పోదు. క్రితం వానాకాలం ఓడ ఆలస్యమై కొన్ని బండలకు మరక పడింది. ఇంకోసారి ఇలా జరిగితే సరుకు ఆపేస్తానని ఆయన రాశాడు. సేట్ అందరి ముందూ నాన్నతో, "ఇంగోసారి మరక పడితె ప్యాకింగ్ వేరేటోళ్ల చేతిల పెడత. దోస్తీ దోస్తీ, పని పని," అన్నాడు.

నాన్న ఆ తర్వాత ఫోం తప్ప వాడలేదు. ఆ వారం మాత్రం హైదరాబాద్ నుంచి ఫోం చుట్టలు సగమే వచ్చాయి. రెండు కంటెయినర్లు నింపాలి. నడుమ ఫోం పెట్టించి, అడుగునా మూలలా గడ్డి కుక్కించాడు. ఆయన లెక్క ఆయనకుంది. తడి గడ్డి రంగు బండలోకి దిగడానికి నెల దాటాలి. మద్రాసు రేవులో చిన్న ఓడ, కొలంబోలో పెద్ద ఓడ, అన్నీ కలిపి నెలలోపు పెట్టె అవతలి ఒడ్డున తెరుచుకుంటుంది. గడ్డి విషయంలో ఆయన లెక్క తప్పదు. ఓడ విషయంలో ఆయనకు ఎవరు చెప్పాలి? నేను చెప్పాలి.

మంగళవారం మధ్యాహ్నం వచ్చిన మెయిల్‌లో ఆ నాలుగు వాక్యాలు నడుమన ఉన్నాయి. "మీ పెట్టెలు కొలంబోలో ఎక్కే పెద్ద ఓడ మా వేసవి ముగిసేదాకా అక్కడ ఆగదు. తూర్పు దేశాల నుంచి బయలుదేరే ఆ ఓడను కంపెనీ ఉత్తర ధ్రువం పక్కన, మంచు కరిగి తెరుచుకున్న దారిలో పంపుతోంది. మీ సరుకు వేరే ఓడ కోసం కొలంబోలో ఎదురుచూసి, మా రేవుకు కాక మరో రేవుకు చేరి, అక్కడి నుంచి లారీలో మాకు రావాలి. మూడు వారాలైనా ఎక్కువ పడుతుంది కాబట్టి పెట్టెల్లో గడ్డి ఒక్క పోచ కూడా లేకుండా చూడండి."

సేట్ అప్పుడు ఫోనులో ఉన్నాడు. రేవు పనులు చూసే ఏజెంటు లారీ ఎప్పుడొస్తుందో చెబుతున్నాడు. ఫోను చెవి నుంచి తీయకుండానే, "సదువు బేటీ, వింటున్న," అన్నాడు. నేను మొదలుపెట్టాను. మొదటి వాక్యాలు క్షేమ సమాచారాలు. తల ఎత్తితే కిటికీలోంచి నాన్న కనిపించాడు. పెట్టె పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఎడమ చేత్తో గడ్డిని మూలలోకి నొక్కుతున్నాడు. పక్కన ప్యాకింగులో పనిచేసే అక్క ఏదో అంటోంది, నాన్న నవ్వుతున్నాడు. ఆయన పని చేస్తూ నవ్వడం అరుదు.

నా కన్ను కాగితం మీద నాలుగు వాక్యాలు దాటి కింద పడింది. అక్కడి నుంచి చదివాను.

"ఇంకేమన్న రాసిండా?" అన్నాడు సేట్.

"లేదు సేట్. సరుకు మంచిగ రావాలని రాసిండు."

దాచిపెడదామని కాదు. అలా అని నన్ను నేను నమ్మించుకున్నాను. సాయంత్రం రైలులో ముందు నాన్నకు చెబుదాం, ఆయనే పొద్దున వెళ్లి ఏదో ఒక వంకతో గడ్డి తీయించేస్తాడు, సేట్ దాకా పోనక్కర లేదు అనుకున్నాను. రైలులో కిటికీ పక్కన సీటు దొరికింది. నాన్న మణికట్టుకు కట్టిన గుడ్డ విప్పి మళ్లీ కట్టుకుంటూ, "ఈసారి ఒక్క బండ గూడ కదలదు బిడ్డా. పెట్టె ఊపి సూసిన," అన్నాడు. ఊ అన్నాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. ఇప్పుడు లేపుతాను, ఈ వంతెన దాటాక లేపుతాను అనుకుంటుండగానే నడుమ చిన్న స్టేషను వచ్చింది.

ఆ స్టేషనులో మా రైలు ఇదివరకు ఆగేది. బల్ల, వేపచెట్టు ఉండేవి, ఉడకబెట్టిన పల్లికాయలు అమ్మే ముసలమ్మ ఉండేది. ఆగడం మానేశాక బల్ల మిగిలింది. ప్లాట్‌ఫారం మీద మోకాలెత్తు గడ్డి మొలిచింది. రైలు కూత పెట్టి దాటేసింది. నాన్న లేవలేదు. వికారాబాద్‌లో దిగాక వాన. వానలో చెప్పలేకపోయాను. ఇంట్లో అమ్మ ముందు చెప్పలేకపోయాను.

బుధవారం మేం ఫ్యాక్టరీ చేరేసరికి మొదటి కంటెయినర్ తలుపుకు సీలు వేసి ఉంది. లారీ ఇంజను ఆడుతోంది. డ్రైవరు టైర్లను కర్రతో కొట్టి చూస్తున్నాడు. నేను గేటు దగ్గర నిలబడ్డాను. ఒక్క మాట చాలు. ఆగండి అనాలి. మూడు అక్షరాలు. లారీ నా పక్కనుంచే కదిలి, రోడ్డెక్కి, రైల్వే గేటు వైపు తిరిగింది. సేట్ వెనక నుంచి, "ఏం బేటీ, లారీకి టాటా చెప్తున్నవా?" అని నవ్వాడు.

ఆ రోజంతా నేను ఏ కాగితం మీద ఏం టైపు చేశానో గుర్తులేదు.

రెండో కంటెయినర్ శుక్రవారం పోవాలి. గురువారం పొద్దున సేట్ వచ్చి కూర్చోగానే అదే కాగితం పట్టుకుని ఆయన ముందు నిలబడ్డాను. "మెయిల్ వచ్చింది సేట్," అన్నాను. ఎప్పుడు వచ్చిందో ఆయన అడగలేదు. నాలుగు వాక్యాలు చదివాను. రెండుసార్లు చదివించుకున్నాడు. తర్వాత నాన్నను, ప్యాకింగు వాళ్లను పిలిచి వాళ్ల ముందు మూడోసారి చదివించాడు.

"ఎక్కడో మంచు కరిగితె నా పెట్టె కొలంబోల ఎందుకాగాలె?" అన్నాడు.

ప్యాకింగు అక్క చేతులు దులుపుకుంటూ, "ఐసు కరిగితె షర్బత్ చేసుకోవాలె గని, గీ పరేషానేంది సేట్?" అంది. అందరూ నవ్వారు. సేట్ నవ్వలేదు. నా వైపు చూశాడు. చెప్పు అన్నట్టు.

ఆ గదిలో అంతమంది ముందు నేను ఎన్నడూ నా మాటగా ఏదీ చెప్పలేదు. కాగితం మీద ఉన్నదే చదివేదాన్ని. ఈసారి కాగితం మీద లేదు.

"సేట్, పెద్ద ఓడ మన కోసం రాదు," అన్నాను. "అది తూర్పు దేశాల సరుకు నింపుకొని యూరప్ పోతది. పోతపోత కొలంబోల ఆగి మన అసొంటోళ్ల పెట్టెలు ఎక్కించుకుంటది. ఇప్పుడు పైన మంచు కరిగి వాళ్లకు దగ్గరి దారి దొరికింది. ఆ దారిల పోతె కొలంబో రాదు."

"మనం గూడ ఆ దారిలనే పంపుదం."

"మనకు అది దగ్గర కాదు సేట్. వాళ్లకే దగ్గర. మనకు పాత దారే దగ్గర. గని పాత దారిల ఓడలు తక్కువైతయి." ఆయన ముఖంలో ఇంకా ప్రశ్న ఉంది. "మన సాయంత్రం రైలు నడుమ చిన్న స్టేషన్ల ఆగుడు బంద్ అయింది గద. పట్టాలున్నయి, స్టేషనున్నది, బల్లున్నది. రైలు గూడ పోతనే ఉన్నది. ఆగుత లేదు. గట్లనే."

ఎవరూ నవ్వలేదు. అక్క, "ఆ పల్లికాయల ముసలామె ఇప్పుడు ఏం చేస్తున్నదో," అంది నెమ్మదిగా.

"అంటె రేవుల తప్పేం లేదు," అన్నాడు సేట్.

"లేదు సేట్."

ఆయన నాన్న వైపు తిరిగాడు. "గడ్డి పెట్టినవా?"

"పెట్టిన సేట్. ఫోం సరిపోలె. అడుగున, మూలలకు. రెండిట్ల పెట్టిన."

సేట్ ఏజెంటుకు ఫోను చేశాడు. మొదటి కంటెయినర్ పొద్దున్నే రేవు లోపలికి పోయిందని, ఇక సీలు తెంపడం కుదరదని ఏజెంటు చెప్పాడు. సేట్ ఫోను టేబులు మీద బోర్లా పెట్టాడు. "పోయింది పోయింది. ఉన్నది విప్పుర్రి," అన్నాడు.

ఆ రోజూ మర్నాడూ రెండో కంటెయినర్‌కు సర్దిన పెట్టెలన్నీ విప్పారు. మేకులు పీకే చప్పుడు కిటికీలోంచి నా పళ్లలోకి వచ్చేది. నాన్న వంగి, చేయి మూలల్లోకి దూర్చి, గడ్డి పోచ పోచా లాగాడు. అప్పటికే అది తడిసి ముద్దయింది. నేనూ వెళ్లి కూర్చున్నాను. "నీ పని నువ్వు సూస్కో బిడ్డా, చేతులు గీరుకపోతయి," అన్నాడు. నేను లేవలేదు. ఫోం చుట్టలు హైదరాబాద్ బస్సు మీద వచ్చాయి. కంటెయినర్ ఒక రోజు ఆలస్యంగా, ఒక్క పోచ లేకుండా వెళ్లింది.

వెళ్లాక సేట్, "ఆ కాగితం ప్యాకింగ్ కాడ గోడకు అంటియ్యి. కింద తెలుగుల రాయి, గడ్డి బంద్ అని. అందరికి ఎరుకుండాలె," అన్నాడు. ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు. నేను కాగితం గోడకు పెట్టి టేపు వేస్తున్నప్పుడు పైన ఎడమ మూలలో తేదీ కనిపించింది. మంగళవారం తేదీ. మొదటి లారీ పోవడానికి ముందు రోజు. చింపడానికి లేదు, మడవడానికి లేదు. ఆయన చూస్తుండగానే అంటించాను.

ఆ తర్వాత రోజుకు పదిసార్లు ఆ గోడ ముందు నుంచి నడిచాను. ఇంగ్లిష్ చదివేవాళ్లు అక్కడ ఎవరూ లేరు. కానీ తేదీ ఇంగ్లిష్ కాదు, అంకెలు. సోమవారం వెళ్లేసరికి తేదీ మీద గులాబీ రంగు టేపు ముక్క అడ్డంగా అంటించి ఉంది. పెట్టెకు ఏ వైపు పైకి ఉండాలో గుర్తుకు వేసే టేపు అది. కాగితం ఊడిపోకుండా ఎవరో వేశారనుకున్నాను. నా అదృష్టం అనుకున్నాను. డైరీలో అదీ రాయలేదు.

కంటెయినర్ ఎక్కడుందో చూపించే వెబ్‌సైటు ఉంది. సేట్ రోజూ వస్తూనే, "బేటీ, మన డబ్బ కదిలిందా?" అనేవాడు. కదలలేదు సేట్ అనేదాన్ని. వారం అయింది. పది రోజులయ్యాయి. తెర మీద ఒకటే మాట, కొలంబో, ఎదురుచూపు. ప్యాకింగు అక్క, "ఆ డబ్బకు కొలంబో మస్తు నచ్చినట్టున్నది, ఇల్లు కట్టుకుంటదో ఏమో," అనేది. ఆమె అన్నప్పుడల్లా నాకు ఆ చీకటి పెట్టెలో, మూలన, గడ్డి నుంచి రంగు నెమ్మదిగా బండలోకి దిగడం కనిపించేది. ఇక్కడ వాన ఆగలేదు. నెలలు లెక్కపెట్టుకుంటే ఒక సంగతి తెలిసింది. అక్కడ మంచు దారి తెరుచుకునేదీ, ఇక్కడ మా బండలు ఆరక గడ్డి తడిసేదీ ఒకే నెలల్లో. ఈ రెండింటినీ కలిపి ఆలోచించాల్సిన అవసరం మా తాండూరులో ఇంతకుముందు ఎవరికీ రాలేదు.

ఆదివారాలు వికారాబాద్ గ్రంథాలయానికి వెళ్లేదాన్ని. బీరువా మీద దుమ్ము పట్టిన గ్లోబు ఉంటుంది. దాన్ని దించమని అడగడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. మూడో ఆదివారం కందుల బస్తా కుట్టే దారం ఒకటి సంచిలో వేసుకుపోయాను. తూర్పు దేశాల నుంచి యూరప్‌కు పాత దారి వెంట దారం పెట్టి చూశాను, కొలంబో పక్కనుంచి, ఈజిప్టు కాలువలోంచి. తర్వాత గ్లోబును వంచి, నెత్తి మీద తెల్లగా ఉన్న చోటు అంచు వెంట పెట్టాను. దారం చాలా మిగిలిపోయింది. మిగిలిన ఆ ముక్కను వేలికి చుట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. పాత దారిలో వరసగా ఉన్న రేవుల పేర్లు చదివాను. ఓడ ఒక్కసారి ఈ మిగిలిన దారం రుచి చూశాక ఆ ఊళ్లన్నీ ఏమవుతాయి అనిపించింది. ఆ తెల్లరంగు కూడా గ్లోబు తయారైన నాటిది. ఇప్పుడు అంత ఉండదు.

ఆ వారం సేట్ తరఫున ముసలాయనకు మెయిల్ రాస్తూ, చివర నా సొంతంగా ఒక వాక్యం చేర్చాను. మీ రేవు ఎలా ఉంది అని. ఆయన జవాబు రాశాడు. సోమవారం పొద్దున ఓడ కూతకు తమ వీధి లేచేదని, ఈ వేసవిలో మూడు సోమవారాలు కూత వినిపించలేదని రాశాడు. క్రేన్ల మీద పనిచేసేవాళ్లలో సగం మందిని పైనున్న కొత్త రేవుకు పంపారట. గట్టు మీద కాఫీ దుకాణం మధ్యాహ్నానికే మూస్తున్నారట. "ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో మాకు తెలియడం లేదు. ఫిర్యాదు చేయడానికి మంచుకు ఆఫీసు లేదు. మీ బండల మీద ఇప్పుడు పావురాలు నడుస్తున్నాయి" అని ముగించాడు. సేట్‌కు అది మొత్తం చదివి వినిపించాను. ఆయన, "పాపం," అన్నాడు.

చివరికి ఆ కంటెయినర్ కదిలింది. ఎక్కడెక్కడో తిరిగి, ఏదో పేరు పలకరాని రేవులో దిగి, లారీ ఎక్కింది. వానలు తగ్గాక ఒక మధ్యాహ్నం ముసలాయన మెయిల్ వచ్చింది, ఫొటోలతో. ప్రింటరులోంచి కాగితం బయటికి వస్తున్నప్పుడే చూశాను. పసుపు బండల అడుగున, మూలల్లో, చాయరంగు పట్టీలు. మా గది తలుపు దగ్గర సేట్, నాన్న మాట్లాడుకుంటున్నారు. నాన్న ఏదో పనికి వచ్చాడు.

"సదువు బేటీ," అన్నాడు సేట్.

చదివాను. ఈసారి ఏదీ వదల్లేదు. మొదటి కంటెయినర్‌లో సగం పెట్టెల్లో మరకలున్నాయని రాశాడు. రెండోదానిలో ఒక్కటీ లేదని రాశాడు. మరక పడ్డవి అమ్మలేనని, తన యార్డులో వెనక దారికి పరుచుకుంటానని రాశాడు. వచ్చే ఏడాది సగం సరుకే తీసుకుంటానని, అది మీ తప్పొక్కటే కాదని, తన రేవుకు ఓడలే సగమయ్యాయని రాశాడు. చదువుతున్నంతసేపూ నాన్న నా వైపు చూడకుండా గోడ గడియారం వైపు చూశాడు.

సేట్ ఫొటోలు ఒక్కొక్కటే చూసి పక్కన పెట్టాడు. "కాగితం లేటొచ్చింది, నీ తప్పు సగమే," అన్నాడు నాన్నతో. "గని పోయినేడు చెప్పిన. ఫోం లేకుంటె ఆగాలె. గడ్డి ఎందుకు పెట్టినవ్?"

"పెట్టొద్దుండె," అన్నాడు నాన్న. "తప్పయింది సేట్."

"నలుగుట్ల అన్న మాట. ఎనకకు తీసుకుంటె వీళ్లు రేపు నా మాట వినరు." సేట్ గొంతు తగ్గింది. "రేపటి సంది అంచుల కాడ కూసో. జర మెల్లగ చెయ్యి. పూట పని చేసినా సరే."

కాగితం నా చేతిలోనే ఉంది. సేట్, అది లేటుగా రాలేదు. మంగళవారమే వచ్చింది. ఈ రెండు వాక్యాలు నాకు తెలుగులో తయారుగా ఉన్నాయి. అనువాదం కూడా అక్కర్లేదు. నోరు తెరిచాను. నాన్న సరిగ్గా అప్పుడే, "అట్లనే సేట్," అని బయటికి నడిచాడు, గట్టిగా దగ్గుతూ. సేట్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నా నోరు మూసుకుంది. ఆ మూత ఇప్పటికీ తెరుచుకోలేదు.

సాయంత్రం స్టేషనుకు నడిచాం. నాన్న షెడ్డులో మూలన పడి ఉన్న తన పాత ఉలిని గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు, ఇంట్లో సాన పెట్టుకోవడానికి. నడుస్తుంటే అది టిఫిన్ డబ్బాకు తగిలి చప్పుడవుతోంది. ప్లాట్‌ఫారం మీద జనం పలచగా ఉన్నారు. సిమెంటు ఫ్యాక్టరీ పని దిగినవాళ్లు బూడిదరంగు తలలతో చాయ తాగుతున్నారు. నాన్న రెండు చాయలు తెచ్చాడు, ఒకటి నాకిచ్చి తనది ఎడమ చేత్తో పట్టుకున్నాడు. అప్పుడే మళ్లీ అలవాటు చేసుకుంటున్నట్టు.

"నాన్నా," అన్నాను. "ఆ మెయిల్..."

"రైలొస్తున్నది, చాయ తాగు."

"నాన్నా, అది గురువారం..."

"అంకెలైతె నాకొస్తయి గద బిడ్డా," అన్నాడు. పట్టాల వైపే చూస్తున్నాడు. "గోడకు అంటిచ్చిన నాడే సూసిన. ఆ గులాబి టేపు నేనే ఏసిన."

నా చేతిలో గ్లాసు వంగి చాయ వేళ్ల మీద పడింది. ఆయన తన భుజం మీది తువ్వాలు అంచుతో నా వేళ్లు తుడిచాడు. రైలు దీపం దూరంగా కనిపించింది. సంచి భుజానికి తగిలించుకుని నాలుగడుగులు ముందుకు వేసి, మళ్లీ నా దగ్గరికి వచ్చాడు.

"ఇగ ఏ కాగితమొచ్చినా అంత సదువు. సదివేటప్పుడు నా దిక్కు సూడకు."